మిగతా రెండంకెలు

"మిగతా రెండంకెలు ఎవరు మింగారు?"

విచారణాధికారి ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అదే. కూర్చోమనైనా అనకుండా అడిగాడు. ఆయన ముందు బల్ల మీద రెండు రిజిస్టర్లు తెరిచి ఉన్నాయి. ఎగువ గది రిజిస్టర్లో ఆ రోజు ఉదయం పది గంటల వరుసలో 277 అని ఉంది. దిగువ గది రిజిస్టర్లో అదే వరుసలో 267 అని ఉంది. రెండు గదులకూ మధ్య పదకొండు కిలోమీటర్ల తీగ. ఆ తీగ మీద వెళ్లింది ఏడు మోతలు, అంతే.

"ఎవరూ మింగలేదండి," అంది ఆమె. "అవి ఆయన దగ్గరే ఉన్నాయి."

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు మురికేమీ లేదు. ఎదుటి మనిషి తనతో వేళాకోళమాడుతోందేమో తేల్చుకోవడానికి కొందరు గడ్డం గోక్కుంటారు, ఈయన అద్దాలు తుడుస్తాడు.

"ఆయన దగ్గరే ఉంటే ఇటుకలెందుకు మునిగాయమ్మా?"

నిజానికి ఆ రోజుకి ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఆఫీసులో అందరూ ఆమెను గంటమ్మ అనేవాళ్లు. ఇరవై మూడో ఏట ఆ ఉద్యోగంలో చేరింది. తొమ్మిదేళ్లయినా ఇంకా తాత్కాలికమే. నది ఒడ్డున ఒక గది, అందులో ఒక కిటికీ, ఒక ముక్కాలి పీట, గోడ గడియారం, రిజిస్టరు, బల్లకు బిగించిన చెక్క పెట్టె. ఆ పెట్టెకు పక్కన ఇనుప పిడి ఉంటుంది. పిడి ఒక చుట్టు తిప్పితే పదకొండు కిలోమీటర్ల కింద, గేట్ల దగ్గరి గదిలో గంట ఒకసారి మోగుతుంది. కిటికీ కింద నదిలో ఒక స్తంభం. దాని మీద వేలెడు మందానికొక గీత, నాలుగు వందల గీతలు, పదేసి గీతలకొక అంకె. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకోసారి కిటికీలోంచి తొంగి చూసి, నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో రాసుకుని, కిందికి చెప్పాలి. కింది మనిషి దాన్ని బట్టి గేట్లెత్తుతాడు, దించుతాడు. రెండు వందల డెబ్భై గీతల లోపల ఉంటే ఒక గేటు. డెబ్భై నుంచి డెబ్భై తొమ్మిది దాకా రెండు. ఎనభై, ఆ పైన అయితే మూడూ ఎత్తేయాలి. ఉన్నవే మూడు.

ఒకప్పుడు ఆ తీగ మీద మాట కూడా నడిచేది. తీగ ముసలిదై, అతుకుల దగ్గర తుప్పు పట్టి, మాట గురగురలాడి ఆగిపోయింది. గంట ఒక్కటీ మిగిలింది. అదీ ఒకవైపే. కింది గదిలోనూ మొదట్లో పిడి ఉండేదిగానీ, అక్కడి పాత కాపరి ఒకాయన ఊసుపోక పైకి గంట కొడుతుండేవాడట. ఆఫీసు వాళ్లు వచ్చి పిడి పీకేసి పట్టుకుపోయారు. అప్పటినుంచి పైనున్న వాళ్లు చెప్పడమే, కిందున్న వాళ్లు వినడమే. విన్నారో లేదో పైవాళ్లకు తెలిసే దారి లేదు.

ఆమెకు ముందు పనిచేసిన పెద్దాయన మొత్తం సంఖ్య కొట్టేవాడు. రెండు వందల డెబ్భై ఎనిమిదంటే రెండు మోతలు, ఆగి ఏడు, ఆగి ఎనిమిది. సున్నా అయితే పది. అదే తీగ మీద ఇంకో నాలుగు గదులవాళ్లు తమ వంతు కోసం కాచుకుని ఉంటారు కాబట్టి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆ హడావుడిలో పైన ఒకటి ఎక్కువ తిప్పినా, కింద ఒకటి తక్కువ లెక్కపెట్టినా అయిపోయినట్టే. ఆ రోజుల నాటి దిగువ రిజిస్టర్లు చూస్తే నది ఒక గంటలో వంద గీతలు దిగిపోయి, మరుసటి గంటలో వంద గీతలు ఎక్కి కూర్చునేది. ఏ నదికీ అంత ఓపిక ఉండదు.

చేరిన ఆరు నెలలకే ఆమెకు కుడి భుజం పట్టేసింది. ఇంట్లో ఆడపడుచు వేడినీళ్ల కాపడం పెడుతూ సాధించేది. ఆ అమ్మాయి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆమె నోరు కూడా మిషనులాగే నడుస్తుంది.

"అన్నయ్యేమో బస్సు టైర్లు మోస్తాడు, నువ్వేమో గంటలు మోస్తావు. ఈ ఇంట్లో కూర్చుని తినే రాత నాకొక్కదానికే లేకపోయింది వదినా."

"టైమెంతయిందో చూడవే, మందు వేసుకోవాలి."

"ఇరవై."

గంటమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎనిమిదీ ఇరవయ్యా, తొమ్మిదీ ఇరవయ్యా అని తను అడగలేదు. అడగాల్సిన పని లేదు. భోజనాలై ఎంతసేపైందో తనకు తెలుసు, వీధిలో కొట్లు ఇంకా మూయలేదనీ తెలుసు. ఎనిమిది తన దగ్గరే ఉంది. ఆడపడుచు ఇవ్వాల్సింది ఇరవై మాత్రమే.

మర్నాడు ఆ ఆలోచన పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. కింది గదిలో కూడా ఒక సూది ఉంటుంది. గేట్ల దగ్గర నీళ్లెంత ఎత్తున్నాయో చూపే సూది. పై స్తంభం ఎప్పుడూ దానికన్నా నూట ముప్పై గీతలు ఎక్కువ, ఒకటి రెండు అటూ ఇటూ. కింది సూది నూట నలభై ఒకటి చూపిస్తే పైన రెండు వందల డెబ్భై ఒకటికి దగ్గర్లో ఉన్నట్టు కాపరికి ముందే తెలుసు. అలాంటప్పుడు తను మూడు మోతలు కొడితే చాలు. మూడుతో ముగిసే సంఖ్యల్లో డెబ్భై ఒకటికి దగ్గరిదేదో కాపరే చూసుకుంటాడు. రెండు వందలూ ఆయన దగ్గరున్నాయి, డెబ్భయ్యీ ఆయన దగ్గరుంది. ఉన్నదాన్ని మళ్లీ మోసుకెళ్లి ఇవ్వడం ఎందుకు?

ఇంజనీరు బుర్ర ఉన్నవాడు. మూడేళ్ల పాత రిజిస్టర్లు ఆమె ముందు పడేసి, "రెండు గదుల మధ్య తేడా నూట ముప్పై నుంచి ఐదు గీతలు తప్పిన రోజు ఒక్కటి చూపించు, నీ ఆలోచన అక్కడితో ఆపేద్దాం," అన్నాడు. వంద గీతల చొప్పున ఎగిరిపడ్డ తప్పులను కొట్టేసి, ఆమె పదకొండు రోజులు కూర్చుని చూసింది. నాలుగు దాటిన రోజు లేదు. "సరే కానీ," అన్నాడు ఇంజనీరు. కాయితం మీద మాత్రం పెట్టలేదు. రెండేళ్లకు బదిలీ అయి వెళ్లిపోతూ ఆ 'సరే కానీ'ని కూడా తనతోపాటు తీసుకుపోయాడు.

అలా తొమ్మిదేళ్లకు కాస్త తక్కువగా నది చివరి అంకె మీద నడిచింది. భుజం నొప్పి తగ్గింది. మూడు నిమిషాల పని అర నిమిషానికి దిగింది. లెక్క తప్పడం దాదాపు ఆగిపోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె కింది కాపరిని చూడలేదు, ఆయన గొంతు వినలేదు. ఆయన్ని ఆఫీసులో సూదాయన అంటారని మాత్రం తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. పైన ఎక్కడో వాన కురిసి నది నిదానంగా పెరుగుతోంది. ఏడింటికి 271, ఎనిమిదింటికి 273, తొమ్మిదింటికి 275. ఆమె ఒకటి, మూడు, ఐదు కొట్టింది. కింద సూది నూట నలభై ఒకటి మీద ఉంది. కాపరి సరిగ్గానే రాసుకున్నాడు: 271, 273, 275. పదింటికి నది 277కి వచ్చింది. ఏడు మోతలు కొట్టింది. కింద సూది ఇంకా నూట నలభై ఒకటి మీదే ఉంది. అంటే పైన డెబ్భై ఒకటికి దగ్గర్లో ఉండాలి. ఏడుతో ముగిసేవి రెండున్నాయి. 277 ఆరు గీతల దూరం, 267 నాలుగు గీతల దూరం. నియమం ప్రకారం దగ్గరిదే తీసుకోవాలి. కాపరి 267 అని రాసి, పక్కన 'పైన ఎక్కడో నీళ్లు ఆపినట్టున్నారు' అని చిన్న అక్షరాలతో చేర్చి, ఒక గేటు ఉంచి రెండోది దించేశాడు. పదకొండింటికి తొమ్మిది మోతలు, 269 అని రాశాడు. పన్నెండింటికి రెండు మోతలు, 272 అని రాసి, దించిన గేటు మళ్లీ ఎత్తాడు. రిజిస్టరు చూస్తే ఎక్కడా తేడా కనిపించదు. నది కాస్త తగ్గి, మళ్లీ కాస్త పెరిగింది, అంతే.

పైన ఆ పన్నెండింటికి నది 282 మీద ఉంది. గంటమ్మ రెండు మోతలు కొట్టి, మూడు గేట్లూ ఎత్తేసి ఉంటాడనుకుని నిశ్చింతగా క్యారియరు విప్పుకుంది.

ఒంటిగంటకు గట్టు పల్లంగా ఉన్నచోట నీళ్లు పొర్లి పక్కనున్న ఇటుకల బట్టీలోకి దిగాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఆరబెట్టిన నలభై వేల పచ్చి ఇటుకలు మాత్రం సాయంత్రానికి బురదగా మారాయి. నలభై వేల ఇటుకలు పోయిన మనిషి నది మీద కేసు పెట్టలేడు కాబట్టి ఆఫీసు మీద పెట్టాడు. ఆఫీసు తన మీద పడ్డదాన్ని ఇద్దరిలో ఒకరి మీదికి తోయాలి. ఇద్దరినీ పని నుంచి తప్పించి, బదులు మనుషుల్ని పెట్టి, సగం జీతం మీద ఇంటికి పంపారు. తప్పు ఎవరిదని తేలితే వాళ్ల ఉద్యోగం పోతుంది. ఆమెకు పోయేది తొమ్మిదేళ్లుగా పర్మినెంటు అవుతుందని ఎదురుచూస్తున్న పని, భర్త టైర్ల జీతంతో కలిస్తేగానీ ఇంటి అద్దెకు చాలని డబ్బు. కాపరికి పదవీ విరమణ పది నెలల్లో ఉంది. ఆయనకు పోయేది పింఛను.

మొదటి విచారణ జరిగాక రెండోదానికి ఏడు నెలలు పట్టింది. ఆఫీసులు తొందరపడి ఎవరికీ న్యాయం చేయవు.

ఆ ఏడు నెలలూ ఇంట్లో ఒకటే చర్చ. భర్తది నెమ్మదైన స్వభావం. రోజంతా బస్సు డిపోలో బిగుసుకుపోయిన బోల్టులతో కుస్తీపట్టి, ఇంటికొచ్చాక దేన్నీ బలంగా తిప్పడానికి ఇష్టపడడు.

"ఆయన సూది పాడైంది. అది చూసుకోవడం ఆయన పని. అంతే చెప్పు," అన్నాడు.

"చెప్తాను."

"చెప్తాననడం కాదు వదినా," అంది ఆడపడుచు దారం కొరుకుతూ. "నువ్వు అక్కడికెళ్లి లెక్కలు మొదలుపెడతావు. నీ లెక్క వింటే మనిషికి నిద్రొస్తుంది, నిద్రలేచినవాడు నీ మీదే సంతకం పెట్టేస్తాడు. సూది పాడు, నేను కాదు. నాలుగు మాటలు. నాలుగో మాట దగ్గర ఆగిపో."

"ఆయన ఏమంటాడో?"

"ఏమంటాడు, మొత్తం అంకె కొట్టకపోవడం నీ తప్పంటాడు. ఆయనకూ నాలుగు మాటలు చాలు."

ఆ చివరి మాట గంటమ్మకు నిద్ర పట్టనివ్వలేదు. ఆయన ఆ నాలుగు మాటలూ అంటే అవీ నిజమే. రెండో విచారణ ఇంకా రెండు రోజులుందనగా ఆమె బస్సెక్కి గేట్ల దగ్గరికి వెళ్లింది. మంచితనం వల్ల కాదు. ఎదుటివాడి చేతిలో ఏముందో తెలుసుకోకుండా బల్ల ముందు నిలబడటం ఇష్టం లేక.

గేట్ల పక్కనే కాపరికిచ్చిన రెండు గదుల ఇల్లు. అరుగు మీద కూర్చుని పాత చెప్పుకు మేకు కొడుతున్నాడు. ఎండిన చెరకు గడలా ఉన్నాడు మనిషి. తలెత్తి చూశాడు.

"ఎవరమ్మా?"

"పై గది, బాబాయ్."

ఆయన చేతిలో సుత్తి అలాగే ఆగింది. "నువ్వేనా? నిన్ను లావుగా ఊహించుకున్నాను. మోత అంత గట్టిగా ఉండేది."

లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. తర్వాత ఎదురుగా కూర్చుని మొహమాటం లేకుండా చెప్పాడు.

"ముందే చెప్పేస్తున్నాను తల్లీ, ఎల్లుండి నేను నీ మీదే చెప్తాను. మొత్తం అంకె కొట్టలేదని. నాకు పింఛను కావాలి."

"నేనూ మీ మీద చెప్దామనే వచ్చాను."

"అయితే ఇబ్బంది లేదు. టీలో చక్కెర సరిపోయిందా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఆమె సూది చూపించమంది. ఇంటిని ఆనుకున్న గేట్ల గదిలో గోడకు బిగించి ఉంది, పళ్లెమంత గుండ్రటి ముఖం, పైన మెరిసే కొత్త అద్దం. అద్దం మీద చీటీ: తాకరాదు.

"ఇదెప్పుడు వేశారు?"

"ఆ గొడవకు వారం ముందు. పాత అద్దం పగిలిందని వేసి, కొత్త ఇంజనీరు బాబు స్వయంగా చీటీ అంటించి వెళ్లాడు."

"చీటీ ఎందుకు?"

కాపరి కాస్త తటపటాయించాడు. "ఈ సూది పుట్టుబద్ధకం తల్లీ. అప్పుడప్పుడు ఆగిపోతుంది. పొద్దున రాగానే అద్దం మీద వేలితో రెండు దెబ్బలు కొడితే ఉలిక్కిపడి లేచి సరైన చోటికొస్తుంది. ఇరవై ఏళ్లుగా కొడుతున్నాను. అలా కొట్టే పాత అద్దం పగిలింది. ఇక తాకొద్దన్నారు. తాకలేదు."

గంటమ్మ ఆ చీటీ మళ్లీ చదివింది. పదకొండు రోజులు కూర్చుని తను చూసిన మూడేళ్ల రిజిస్టర్లు గుర్తొచ్చాయి. ఐదు గీతల తేడా ఒక్క రోజూ రాలేదు. రాదు మరి. అవన్నీ రెండు దెబ్బలు తిన్నాక సూది చెప్పిన అంకెలు. తను సూదిని నమ్ముకున్నాననుకుంది, నిజానికి నమ్ముకున్నది ఈయన వేలిని.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది, అనగానే తనకే నవ్వొచ్చింది.

"ఎలా చెప్పను? ఇటువైపు పిడి పీకేశారుగా."

ఆమె చీటీ పక్కనే అద్దం మీద గోటితో చిన్నగా తట్టింది. సూది ముందుకు జరిగి మూడు గీతల అవతల ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎల్లుండి ఒకరు పోతారు కదా బాబాయ్," అంది. "పోయినవాళ్ల చోటికి కొత్త మనిషొస్తాడు. ఆ మనిషి కూడా ఇలాగే మునుగుతాడు."

"మునగనీ. మనకేంటి?"

"మనకేం లేదు. లెక్క తప్పిందని నాకు ఒళ్లు మండుతోంది, అంతే. మళ్లీ మొత్తం అంకె కొట్టమంటారు. అది పాత నదే, గంటకు వంద గీతలు గెంతేది."

కాపరి ఒక పాత రిజిస్టరు వెనక ఖాళీ పేజీ తెరిచి పెన్సిలు ఇచ్చాడు. ఆమె గీతలు గీసింది. సమస్య చూడ్డానికి చిన్నదే. సూది బాగున్న రోజు ఆయనకు చివరి అంకె చాలు. సూది మొరాయించిన రోజు అదే అంకె ఆయన్ని పది గీతల అవతలికి తోస్తుంది. ఇవాళ బాగుందో లేదో ఆమెకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. బాగున్న మనిషికీ బాగాలేని మనిషికీ ఒకే మోతలు పంపాలి.

"బాగాలేని రోజు కోసం మొత్తం అంకె రోజూ కొట్టాలి. ఇంకో దారి కనిపించడం లేదు," అంది చివరికి.

"ఎందుకు?"

"ఎందుకేంటి బాబాయ్, సూది చచ్చిన రోజు మీ దగ్గర ఏమీ ఉండదు కదా. అన్నీ నేనే పంపాలి."

"సూది చచ్చిన రోజు నాకు అంకెలెందుకమ్మా? నేనేమైనా ముగ్గు వేస్తానా వాటితో? ఎన్ని గేట్లు ఎత్తాలో ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. అవసరం గడిచిపోతుంది. సరైన అంకె సూది బాగున్న రోజున రాసుకుందాం, ఆఫీసు వాళ్లు మురిసిపోతారు."

పెన్సిలు ఆగింది. తొమ్మిదేళ్లలో గీతల గురించి ఆలోచించింది, మోతల గురించి ఆలోచించింది. ఏమీ లేని రోజున కింది మనిషికి అసలు ఏది కావాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక గేటు, రెండు, మూడు. ముందు ఆ లెక్కన, పిడిని ఆపకుండా గిరగిరా తిప్పి, పొడుగు మోతలు, తర్వాత చివరి అంకెకు పొట్టి మోతలు. ఎంత ఎక్కువైనా మూడు పొడుగు, పది పొట్టి. నిమిషం పట్టదు.

పదింటి లెక్క మళ్లీ వేసి చూసింది. 277కి రెండు పొడుగు, ఏడు పొట్టి. సూది నూట నలభై ఒకటి మీద చచ్చి ఉంది కాబట్టి కాపరి 267 అనుకుంటాడు. కానీ 267కి ఒక్క గేటే కదా, మరి పొడుగు మోతలు రెండెందుకొచ్చాయి?

"అంటే సూది అబద్ధమాడుతోంది," అన్నాడు కాపరి నెమ్మదిగా.

"అంటే అప్పుడు మీరు చీటీ చింపేసి అద్దం మీద కొట్టాలి."

"నేను చింపను. నువ్వొచ్చి చింపు."

ఎల్లుండి ఏం చెప్పాలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. బస్సు దాకా వచ్చి సాగనంపుతూ ఆయన ఒక మాట అన్నాడు: "ఇది వాళ్లకు ఎక్కితే సరే. ఎక్కకపోతే మాత్రం నేను నీ మీద చెప్తాను, ఏమీ అనుకోకు."

"మీకన్నా ముందు నేనే చెప్తాను బాబాయ్, కంగారుపడకండి."

రెండో విచారణలో అధికారి ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచాడు. ఆయన ముందున్న ఫారంలో 'బాధ్యుడు' అని ఒక గడి, దాని ఎదురుగా ఖాళీ. ఒక పేరుకే చోటుంది.

"ఏమమ్మా, ఈసారైనా చెప్తావా, తప్పెవరిది?"

గంటమ్మకు ఆడపడుచు చెప్పిన నాలుగు మాటలు నోటి దాకా వచ్చాయి. వాటిని అక్కడే ఆపి ఇలా అంది:

"ఆయన దగ్గర ఉన్నాయనుకుని పంపానండి. ఆ రోజు లేవు. ఉన్నాయో లేవో అడిగే దారి లేదు, చెప్పే దారి ఆయనకూ లేదు. ఆయనవైపు పిడి ఆఫీసు వాళ్లు తీసుకెళ్లారు. అద్దం తాకొద్దని చీటీ పెట్టిందీ ఆఫీసు వాళ్లే. అయినా పిడి లేకుండానే పని నడిచే దారొకటి ఉంది, చూస్తారా?"

అధికారి అద్దాలు తుడుచుకున్నాడు. దాన్ని సరేనని తీసుకుని, ఆమె బల్ల మీద వేలితో తట్టి చూపించింది. పొడుగు మోతకు బల్లను గీరింది. అంకె తను ఎంచుకుంది, కాపరి కళ్లు మూసుకుని విని ఎన్ని గేట్లో చెప్పాడు. నాలుగైదుసార్లు అయ్యాక అధికారికి ఉత్సాహం పుట్టింది. ఆయనా చదువుకున్నవాడే. ఉచ్చు పన్నాడు.

"సరే. నది రెండు వందల తొంభై అయిదుకి వచ్చింది. మూడు పొడుగు, ఐదు పొట్టి. ఈయన సూది పది గీతలు వెనకబడి ఉంది. రెండు వందల ఎనభై అయిదనుకుంటాడు. దానికీ మూడు గేట్లే. ఇప్పుడు తప్పు బయటపడదే? ఇప్పుడేం చేస్తారు?"

గంటమ్మ నోరు తెరిచే లోపలే కాపరి కళ్లు తెరిచాడు.

"మూడు గేట్లూ ఎత్తి ఇంటికెళ్లి భోంచేస్తానండి. నాలుగోది మీరు కట్టించలేదు కదా."

అధికారి నవ్వలేదుగానీ నవ్వు ఆపుకోవడానికి మళ్లీ అద్దాలు తీయాల్సి వచ్చింది. పది గీతల తప్పు గేట్ల లెక్కను మార్చిన చోట అది దొరికిపోతుంది. దొరకని చోట దాని వల్ల నష్టమే లేదు. ఆయన దాన్ని కాయితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాడు.

"ఇంత తేలికైంది తొమ్మిదేళ్లు ఎందుకు తట్టలేదమ్మా?"

"ఈయన్ని మొన్ననే చూశానండి."

అధికారి ఫారం దగ్గరికి లాక్కుని, 'బాధ్యుడు' గడిలో 'పరికరం' అని రాసి సంతకం పెట్టాడు. కాపరి మూడు నెలల తర్వాత పూర్తి పింఛనుతో దిగిపోయాడు. పొడుగు మోత, పొట్టి మోత పద్ధతి ఐదు గదులకూ వర్తిస్తుందని సర్క్యులర్ వచ్చింది. దాని కింద కొత్త ఇంజనీరు సంతకం ఉంది, గంటమ్మ పేరు లేదు. ఆమె దాన్ని రిజిస్టరు అట్ట లోపల అంటించి, సోమవారం ఆరింటికి పిడి తిప్పింది. నది 264 మీద ఉంది. ఒక పొడుగు, నాలుగు పొట్టి.

ఇంకో పద్నాలుగేళ్లు అక్కడే పనిచేసింది. మధ్యలో పర్మినెంటు కూడా అయ్యింది. పని నుంచి తప్పించిన ఏడు నెలలకు ఆపిన సగం జీతం, పన్నెండు వేల ఆరు వందలు, 'పరిశీలనలో ఉంది' అని ఆఫీసు మూడుసార్లు రాసింది. అది ఇప్పటికీ ఆమెకు రావాల్సే ఉంది.